వదిన కాచిన ద్రాక్షారసం

ఎండిన ద్రాక్షకు కులం ఎట్లా అంటుతుందో మీరు చెప్పగలరా?

నాచారంలో మా ఇంటివాళ్లు వెళ్లే చిన్న చర్చిలో నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనం. దానికి ద్రాక్షారసం కొనరు. నెలకో ఇంటి ఆడవాళ్లు నల్ల కిస్‌మిస్ నానబెట్టి, కాచి, వడకట్టి తెస్తారు. నాకు దేవుడి మీద నమ్మకం పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ ఆదివారం వెళ్లాను, మా వదినకు అది మొదటి వంతు కాబట్టి. మా అన్నయ్యది ప్రేమ పెళ్లి. ఇద్దరూ క్రైస్తవులే, కులాలే వేరు. ఆమె కులమంటే మా కులానికి చిన్నచూపు. ఈ వంతు దాటితే సంఘం తనను కలుపుకున్నట్టేనని వదిన ఆశ.

మా కులానికే చెందిన సంఘపెద్ద గిన్నె మూత తీసి ముక్కు చిట్లించాడు.

"ఇది ద్రాక్షారసం గాదు బిడ్డా, కిస్‌మిస్ నీళ్లు. గ్రంథంల కిస్‌మిస్ అని యాడున్నది?"

"పోయిన నెల మీ ఇంట్ల గాసింది గూడ కిస్‌మిసే గద, పెద్దయ్యా. మీ కోడలు, నేను ఉప్పల్ల ఒక్క దుకాణంలనే కొన్నం" అంది వదిన.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "మాది వేరమ్మా" అన్నాడు.

నేను లేచాను. కిస్‌మిస్ పారసీ మాట, ఉర్దూ నోట మనదాకా వచ్చింది. ద్రాక్ష సంస్కృతం నుంచి వచ్చింది. రెండూ అరువు మాటలే, పండు ఒక్కటే అని ఉపన్యాసం దంచాను. ఆయన ఓపిగ్గా విని, "మస్తు సదివినవ్ బిడ్డా" అని, దుకాణం నుంచి సీసా రసం తెప్పించాడు. ఆ సీసాను ఏ కులం చేతులు నింపాయో ఒక్కరూ అడగలేదు. కళ్లు మూసుకుని భక్తిగా తాగారు.

బయటికొచ్చాక వదిన అంది: "ఆయన కులం దాయనీకి కిస్‌మిస్ అన్నడు. నువ్వు గూడ కిస్‌మిస్ మీదనే మాట్లాడినవ్, తమ్మీ."

వాళ్ల మీద అసహ్యం ఒక ఎత్తు, అప్పుడు నా మీద నాకు కలిగింది ఇంకో ఎత్తు. వాదం గెలిచాననుకున్నాను. ఆయన దాక్కోవడానికి చోటిచ్చాను, అంతే.

మళ్లీ వంతు వస్తే కాస్తావా అని అడిగాను. "తాగెటోళ్లుంటే కాస్త" అంది.

మీ చర్చిలోనో గుడిలోనో ఒకరి చేతి వంటను ఏదో సాకుతో పక్కన పెడితే, ఆ సాకు మీద వాదించకండి. లేచి, "ఆమె కులం వల్లే కదా?" అని అందరి ముందు అడగండి. పక్కన పెట్టిన ఆ గిన్నెలోంచి ముందు మీరు తాగండి.