లోపల గడియ లేని బండి

పెట్టెలాయన మీసం మొలిచినప్పటి నుంచీ పెట్టెలే చేస్తున్నాడు. మోటార్లూ పంపులూ తయారయ్యే కర్మాగారం వెనక రేకుల షెడ్డు ఆయన రాజ్యం. యంత్రం పొడుగూ వెడల్పూ కొలవడం, చుట్టూ చెక్కలు పేర్చడం, మేకులు దిగ్గొట్టడం, పట్టీ బిగించి లారీ ఎక్కించడం ఆయన పని. ఆయన చేసిన పెట్టె దారిలో విచ్చుకుందన్న ఫిర్యాదు ఇంతవరకూ రాలేదు. ఈ సంగతి ఎవరైనా అడిగితే చెబుతాడు, అడక్కపోతే ఇంకాస్త వివరంగా చెబుతాడు.

అంతటి పనివాడికి ఇంట్లో దక్కింది హాలు. ఇల్లు అన్నగారిది. ఆ మాట అన్నగారు ఎన్నడూ నోరు తెరిచి అనలేదు, పాపం. ఆయన కుర్చీలో కూర్చునే తీరులోనే అది తెలిసిపోతుంది. అన్నగారికీ వదినగారికీ ఒక గది, కూతురికి ఒక గది, ముందు వరండాకి చెక్కలు కొట్టించుకుని కొడుకు ఒక గది చేసుకున్నాడు. మిగిలిన హాలు పెట్టెలాయనకీ ఆయన భార్యకీ. హాలని పేరే గానీ నిజానికి అదొక దారి. వంటింట్లోకి వెళ్ళాలన్నా, స్నానాల గదికి వెళ్ళాలన్నా, వీధిలోకి పోవాలన్నా అందులోంచే పోవాలి. ఆవిడ అక్కడే ఓ మూల మిషను పెట్టుకుని కర్టెన్లూ దిండు గలీబులూ కుడుతుంది. కుడుతుంటే గుడ్డ మీంచి అడుగేసి వెళతారు. పడుకుంటే మనిషి మీంచే అడుగేసి వెళతారు. వెళుతూ వెళుతూ ఊరికే పోకుండా ఓ పని కూడా చెప్పి వెళతారు. ఆవిడ లేచి ఆ పని చేస్తుంది. మంచి మనిషని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవడానికి ఖర్చేముంది?

ఒకసారి కర్మాగారంలో మరమ్మతులని చెప్పి అందరికీ సెలవులిచ్చారు. ఖాళీగా కూర్చోవడం చేతకాని పెట్టెలాయన, ఎక్కడికైనా వెళదామా అని భార్యని అడిగాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఎక్కడికైనా సరే. ఒక్కపూట నన్నెవరూ దాటుకుంటూ వెళ్ళని చోట కూర్చోవాలని ఉందండీ."

మొగుళ్ళ చెవులకి ఓ ప్రత్యేకత ఉంది. భార్య చెప్పినదాంట్లో సుత్తితో చేయగలిగిన ముక్క ఏదైతే ఉందో అదొక్కటే లోపలికి పోతుంది. ఈయనకి 'ఎక్కడికైనా' అన్నది వినపడింది. షెడ్డులో ఎవరి ఫోనులోనో చూసిన వీడియో గుర్తొచ్చింది. కారు వెనక చిన్న చెక్కగది, అందులో పరుపు, తోకవైపు తలుపెత్తితే పొయ్యి. అలాంటివి కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. అమ్ముకోవడానికి ఇల్లు అన్నగారిది కదా. అందుకని తనే చేద్దామనుకున్నాడు.

చెక్క సంగతి ఆలోచించనక్కర్లేదు. షెడ్డు పక్కన పాత పెట్టెల గుట్ట ఉంది. చలికాలంలో కాపలావాళ్ళు మంటేసుకోవడానికి తప్ప ఎవరికీ పట్టదు. మేనేజరుని అడిగితే, తీసుకెళితే చోటు కలిసొస్తుందని సంతోషించాడు. యంత్రాలతో వచ్చే తెల్లటి అట్టల్లాంటి థర్మోకోల్ గోడల మధ్య కుక్కడానికి పనికొచ్చింది. పాడైన ఫ్రిజ్‌లోని గాజు అర కిటికీ అయింది. పైకప్పుకి ఎవరో వేసి పారేసిన ప్రకటన ఫ్లెక్సీని బోర్లించి పరిచాడు. ఇరుసూ చక్రాలూ పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికాయి. ఒక చక్రం రెండోదాని కంటే కాస్త చిన్నది. కొట్టువాడు అది కనబడదన్నాడు. నిజమే, బండి మొత్తం ఓ పక్కకి ఒరిగి కనబడింది తప్ప చక్రం కనబడలేదు. వెల్డింగు మిత్రుడు కారుకి తగిలించే కొక్కెం అతికించి, ప్రతిఫలంగా తన దుకాణానికి ఓ బల్ల చేయించుకున్నాడు.

ఇంటి పక్క సందులో బండి పెరగడం మొదలయ్యాక చుట్టుపక్కలవాళ్ళకి పొద్దుపోవడానికి ఇంకేం అక్కర్లేకపోయింది. అన్నగారు రోజూ సాయంత్రం చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి చూసేవాడు. కోళ్ళగూడు ఎంతవరకూ వచ్చిందని అడిగేవాడు. ఆ హాస్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, రోజూ అదే అనేవాడు. పెట్టెలాయన నవ్వి ఊరుకునేవాడు. అన్నగారి హాస్యానికి నవ్వడం కూడా అద్దెలో భాగమే.

నిజం చెప్పాలంటే హాస్యానికి తావు లేకపోలేదు. పాత పెట్టెల మీది అచ్చు అక్షరాలు ఎంత గీకినా పోలేదు. పడక పైన 'తడి తగలనివ్వరాదు' అని ఉంది. తలవైపు గోడ మీద 'తలకిందులు చేయరాదు'. తలుపు మీద ఎర్రటి బాణం గుర్తు, ఏ వైపు పైకి ఉండాలో చెబుతూ. రంగు వేసి కప్పెయ్యమని వెల్డింగు మిత్రుడు సలహా ఇస్తే, సమాచారం ఉంటే మంచిదే కదా అన్నాడు పెట్టెలాయన.

ఆవిడ మాత్రం నవ్వలేదు. పైకప్పు పడిన రోజున మిషను ఆపి వచ్చి, లోపల చెక్కపొట్టు మీదే చతికిలబడి, గోడకి వీపు ఆనించి కూర్చుంది. అటూ ఇటూ చూసింది. నాలుగు వైపులా గోడ. ఆ గోడల మధ్య నుంచి ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. ఆవిడకి ఎంత ఆనందమేసిందంటే, వంటింట్లోంచి వదినగారు మూడుసార్లు పిలిచినా వినపడనట్టే కూర్చుంది. ఆ రాత్రే పనికిరాని గుడ్డముక్కలు ఏరి కిటికీకి తెర కుట్టింది. ఎవరికోసమో కాకుండా తనకోసం ఆ మిషను మీద కుట్టిన మొదటి గుడ్డ అదే.

బండి పూర్తయ్యేసరికి కోళ్ళగూడు హఠాత్తుగా ఇంటి ఆస్తి అయిపోయింది. సందులో ఉన్నంతకాలం వానాకాలపు సామానంతా అందులో పెట్టుకోవచ్చునని వదినగారు కనిపెట్టింది. కొడుకు స్నేహితులతో కూర్చోవడానికి బాగుందన్నాడు. కూతురు ఫోనులో మాట్లాడుకోవడానికి బాగుందంది. ఆవిడకి ఎలా ఉందో ఎవరూ అడగలేదు. పోనీ అందరికంటే ముందు ఓసారి భార్యని తీసుకెళ్ళి వద్దామని పెట్టెలాయన అన్నగారి దగ్గరికి వెళ్ళి, కారు ఒక్కరోజు కావాలని నీళ్ళు నమిలాడు. అన్నగారు వెంటనే ఒప్పుకున్నాడు. అక్కడే అనుమానం రావాల్సింది. కారు తనది కాబట్టి తనే నడుపుతానన్నాడు. ఆయన వస్తే వదినగారు రాకుండా ఉంటుందా? వాళ్ళిద్దరూ వెళితే పిల్లలకి ఇంట్లో ఏం తోస్తుంది?

ఆ కబురు విని ఆవిడ, మడత పెడుతున్న గుడ్డని విప్పి మళ్ళీ మడత పెట్టింది.

బయలుదేరే రోజు పొద్దున అందరూ కారెక్కి కూర్చున్నారు. ఆవిడ దుప్పట్లు సర్దడానికి బండిలోకి వెళ్ళి పక్క తలుపు పూర్తిగా పడనివ్వకుండా దగ్గరికి లాగింది. లోపలివైపు చేత్తో పైనుంచి కింది దాకా తడిమింది. మళ్ళీ తలుపు తోసి బయటికి చూసింది. బయట బ్రహ్మాండమైన ఇనుప గడియ. తలుపు పడితే చాలు, గడియ దానంతటదే టకీమని వాలిపోయేటట్టు చేశాడాయన. లారీ ఎంత ఎగిరిపడినా ఊడని గడియ అది.

"లోపల గడియేదండీ?" అని అడిగింది.

"లోపలెందుకు? బయట అంత గట్టిది పెట్టానుగా. ఎవడి తరమూ కాదు."

"లోపల మనిషుంటుంది కదండీ."

పెట్టెలాయన గడియ వంక చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన చేసిన ఏ పెట్టెలోంచీ ఎవరూ గడియ అడగలేదు. పంపుకి లోపలినుంచి తలుపేసుకోవాలని ఉండదు. తన భార్యకి ఉంటుందని ఆయనకి తోచలేదు. ఆవిడ అడిగిందల్లా అదొక్కటే. దాన్ని తప్ప మిగతావన్నీ చేసిపెట్టాడు. సిగ్గుతో ఆయన ముఖం ఎర్రబడింది. వెంటనే మారుస్తానని పానా తీశాడు గానీ, ముందు నుంచి అన్నగారు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. వచ్చాక మార్చండిలెమ్మని ఆవిడే అంది. పానా జేబులో వేసుకుని వెళ్ళి కారెక్కాడు.

జలాశయం గట్టు దగ్గర ఆగేదాకా బండి ఒక్క మేకు కూడా వదల్లేదు. ఆ మాట ఆయన చెప్పుకోలేదు. అంటే ఆయన మనసు ఎంత బాగోలేదో ఊహించుకోవచ్చు. అక్కడా ఇల్లే. వదినగారు నీళ్ళడిగింది, అన్నగారు టీ అడిగాడు, పిల్లలు ఫోనుకి చార్జింగు ఎక్కడ పెట్టాలని ఆవిణ్ణే అడిగారు. ఆవిడ తోకవైపు తలుపెత్తి పొయ్యి వెలిగించింది. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. కారు ఉందిగా అని ఎవరికీ తట్టలేదు. అన్నగారూ, వదినగారూ, కొడుకూ, కూతురూ, పెట్టెలాయనా, ఆవిడా అంతా బండిలోకే ఎక్కారు. ఇద్దరి పడక మీద ఆరుగురు. ఎవరి మోకాలు ఎవరిదో తెలియనంత ఇరుకు. అన్నగారు నడుం వాల్చాలని కాళ్ళు బార్లా చాపాడు. ఆవిడ తెరిచి ఉన్న తలుపు పక్కన, ఓ మూలకి ఒదిగి కూర్చుంది. ఆవిడకోసం చేసిన బండిలో కూడా ఆవిడ దారిలోనే ఉందని పెట్టెలాయన చూశాడు. చూసి ఏం చెయ్యాలో తెలియక కిటికీ తెర సవరించాడు.

చినుకులు ఆగాయి. టీ సంగతి చూడమన్నాడు అన్నగారు. ఆవిడ దిగింది. దిగిన మరుక్షణం నీళ్ళ మీదినుంచి ఓ గాలి విసురు వచ్చింది. తలుపు దభీమని పడింది. గడియ టకీమని వాలింది.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి కొడుకు తోశాడు. అన్నగారు భుజం పెట్టి తోశాడు. బండి ఒరిగి ఉన్న వైపుకి ఇంకాస్త ఒరిగింది తప్ప తలుపు కదల్లేదు. ఊపిరాడడం లేదంది వదినగారు, కిటికీ తెరిచే ఉన్నా. కోళ్ళగూడని ఈసారి ఎవరూ అనలేదు. తలుపు బందుల నట్లు లోపలివైపే ఉన్నాయనీ, పానాతో నాలుగు తిప్పులు తిప్పితే తలుపే ఊడొస్తుందనీ ఆ ఆరడుగుల పెట్టెలో ఒక్కడికే తెలుసు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది కూడా.

"ఒరేయ్, మీ ఆవిణ్ణి పిలిచి తియ్యమను," అన్నాడు అన్నగారు.

పెట్టెలాయన మోకాళ్ళ మీద పాకి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నాలుగడుగుల దూరంలో ఆవిడ మడత స్టూలు మీద కూర్చుని ఉంది. బండికి పక్కగా తిరిగి, కాళ్ళు నీళ్ళవైపు చాపుకుంది. చేతిలో టీ గ్లాసు. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ తన టీ వేడిగా ఉండగా తాగడం ఆయన చూడలేదు. చుట్టూ ఖాళీ గట్టు, ఎదర నీళ్ళు. అంత తీరిగ్గా కూర్చున్న ఆ మనిషి తన భార్యేనా అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. మెల్లగా పిలిచాడు. ఆవిడ తల తిప్పింది. ముఖంలో కోపం లేదు, కంగారు లేదు.

"తియ్యమంటున్నారు," అన్నాడు గుసగుసగా.

"వినపడింది," అందావిడా అంతే మెల్లగా. టీ ఓ గుక్క తాగి, "ఇంకాసేపు ఇలా ఉండనివ్వండి" అంది.

ఆయన చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికి వచ్చింది. తెర లాగి, వెనక్కి పాకి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఏమందిరా?"

"వినపడలేదన్నయ్యా. దూరంగా ఉంది."

"మరి ఎప్పుడొస్తుంది?" అంది వదినగారు.

"కూర్చోండి వదినా. తనకి రావాలనిపించినప్పుడు వస్తుంది."