ముల్లు లేవని నలభై గళ్ళు

ఆమె గుండె నిమిషానికి ముప్పై మూడు సార్లే కొట్టుకుంటోందని కాగితం మీద చూడడానికి ఏడాది ముందు, ఆమె నటిస్తోందని వాళ్ళ ఊళ్ళోనే సభ పెట్టి చెప్పాను. చెప్పడమే కాదు, వేదిక మీద ఆమెలాగే కళ్ళు తేలేసి పడి చూపించాను.

అప్పట్లో నేను శ్రీకాకుళంలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఈసీజీలు తీసేదాన్ని. సెలవు రోజుల్లో మా హేతువాద బృందంతో ఊళ్ళు తిరిగేదాన్ని. ఆమెది సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే పేట. ఏటా వేసవిలో ఉండే వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగే ముందు, ఆమెను ఉపవాసం ఉంచి, అమ్మవారి గుడి ముందు ఎండలో నిలబెట్టేవాళ్ళు. ఆమె పడిపోయేది. తెలివొచ్చాక ఏది అడిగితే అది అమ్మవారు అడిగినట్టు. అది ముందు పడవలకి చెల్లాలి, తర్వాతే మనుషులకి. ఆమె ఏటా నీళ్ళే అడిగేది. వాళ్ళు బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి ఒక్కో పడవ ముక్కు మీదా పోసేవాళ్ళు. చివరి పడవ తడిసేదాకా ఆమెకి చుక్క దక్కేది కాదు.

ఇదంతా తెలిసే ఆ సభకి వెళ్ళాను. తెలిసి కూడా, ఈ మనిషి ఎందుకు పడుతోంది అని ఆలోచించలేదు. మోసం అన్న మాటే ముందు నోటికొచ్చింది. సభయ్యాక ఆమె ఖాళీ గంప చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

“బాగా పడ్నావే గుంటా. నానంత బాగా పడ్నేను,” అని వెళ్ళిపోయింది. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి వేసవిలో బజార్లో ఎండుచేపల గంపతో పడి, చెయ్యి విరగ్గొట్టుకుని మా దగ్గరికే వచ్చింది. వెంట మరిది ఉన్నాడు. ఆ గుడి పూజారి అతనే. ఎముక సరిచేసే ముందు ఈసీజీ తియ్యమన్నాడు డాక్టరు.

“ఓలమ్మ, నాటకం గుంటవి నువ్వే కదేటి!”

“నేనే అప్పా. పడుకో.”

విరిగిన చేతికి మోచేతి పైన క్లిప్పు తగిలించి, ఛాతీ మీద జెల్లీ రాసి రబ్బరు బుడ్డలు అతికించాను. కాగితం బయటికొస్తుంటే ముందు మిషన్‌నే అనుమానించాను. తీగలన్నీ మళ్ళీ చూశాను. గీత మారలేదు.

మామూలు గుండె గీతలో ముందు చిన్న బుడిపె, వెంటనే నిటారుగా ఒక ముల్లు. పై గదులు పిలుస్తాయి, కింది గదులు పలుకుతాయి. అనుమానం వస్తే మేం చేసే పని ఒకటుంది. తెల్లకాగితం అంచును గీతకి ఆనించి, బుడిపెలున్న చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ కాగితాన్ని పక్కకి జరుపుతూ పోతాం. జరిపాను. బుడిపెలన్నీ సమాన దూరంలో ఉన్నాయి. ముళ్ళకీ అలాగే చేశాను. అవీ సమాన దూరమే, కానీ ముల్లుకీ ముల్లుకీ మధ్య తొమ్మిది పెద్ద గళ్ళు. నిమిషానికి కాగితం మూడు వందల పెద్ద గళ్ళు నడుస్తుంది; తొమ్మిదితో భాగిస్తే ముప్పై మూడు. బుడిపెకీ ముల్లుకీ మాత్రం సంబంధమే లేదు. పై గదుల పిలుపు కిందికి చేరడం లేదు. కింది గదులు తమ దారిన తాము కొట్టుకుంటున్నాయి.

డాక్టరు ఆ కాగితాన్ని ఫొటో తీసి విశాఖలో గుండె డాక్టరుకి వాట్సాప్ చేశాడు. ఇద్దరిదీ ఒకటే మాట: పూర్తి హార్ట్ బ్లాక్, ఈరోజే పంపాలి, పేస్‌మేకర్ పెట్టాలి. “ఈసారి పడితే లేవకపోవచ్చు,” అన్నాడు డాక్టరు.

మరిది ఒప్పుకోలేదు. “పది రోజుల్లో పడవలు దిగుతాయి బాబూ. ఆ మిషనెడితే అమ్మోరు ఎల్లిపోద్ది. గుడికాడ పని అయినాక ఒట్టుకెల్తాం.”

నేను ఆమె వైపు తిరిగాను. “అప్పా, నువ్వు నటించలేదు. నిజంగానే పడిపోయేదానివి. ఆ రోజు నేనన్నది తప్పు.”

మరిది ముఖం వెలిగింది. “సూసినావా వొదినా! ఆ నోటితోనే ఒప్పుకున్నాది. నటన కాదంటే మరి అమ్మోరే కదేటి?”

చాలా వాదాల్లో గెలిచాను, కొన్నిట్లో ఓడాను. అంత కోపం ఎప్పుడూ రాలేదు. “నా తప్పు నీకు సాక్ష్యం కాదు. నేను మోసమన్నాను, నువ్వు మహిమన్నావు. ఇద్దరం తప్పే. మనిద్దర్లో ఒక్కరైనా ఆమె నాడి పట్టుకుని చూశామా?”

“నాడి సూసీవోల్లు సావరేటి?”

“చస్తారు. కానీ జబ్బుమనిషిని ఎండలో నిలబెట్టరు.”

మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. బుడిపె వచ్చింది, ఇంకో బుడిపె వచ్చింది. ముల్లు రాలేదు. ఆమె కళ్ళు మూతపడ్డాయి. వేదిక మీద నేను చూపించినట్టు అరుపూ ఊగడమూ ఏమీ లేవు. ముఖం పాలిపోయింది, అంతే. డాక్టర్ని కేకేసి ఛాతీ మీద చెయ్యి వేసేలోగా ముల్లు లేచింది. గళ్ళు తర్వాత లెక్కపెట్టాను. నలభై. అంటే ఎనిమిది సెకన్లు.

బుగ్గల్లోకి రంగొచ్చింది. కళ్ళు తెరిచి, “నీల్లు” అంది.

మరిది అప్పటికే చేతులు జోడించి ఉన్నాడు. బల్ల మీది నీళ్ళ సీసా తీసుకుని, సముద్రం ఉన్న దిక్కుకి తిరిగి మూత విప్పాడు. నేను లాక్కున్నాను. ఆమె తల ఎత్తిపట్టి సీసా నోటికి అందించాను.

“వొదినా, తాగకు! ముందు పడవలకి సెల్లాలి!”

ఆమె గుక్క గుక్కగా తాగింది. “ఒరే, నాలుగేళ్ళయి దాహం నాకేస్తంటే పడవలకి పోస్తన్నారు. పడవకి దాహమేటిరా?” తర్వాత డాక్టరు వైపు చూసింది. “ఏటెడతారో ఎట్టండి బాబూ. ఏలిముద్ర ఏ సేత్తో ఎయ్యాల? ఇది ఇరిగిపోనాది.”

విశాఖలో పేస్‌మేకర్ పెట్టారు. ఇదంతా రాస్తానంటే, మా బృందంలో పెద్దలు కొందరు ఆ సభ సంగతి వదిలేసి మిగతాది రాయమన్నారు. మన తప్పు మనమే చెప్పుకుంటే ఎదుటివాళ్ళు పండగ చేసుకుంటారట. చేసుకోనివ్వండి. తప్పులు కప్పిపుచ్చుకోవడానికైతే గుళ్ళు చాలు, దానికి మా బృందం ఎందుకు?

ఆ ఏడు పడవలు ఎవర్నీ నిలబెట్టకుండానే సముద్రంలోకి వెళ్ళాయి. చేపలు పడ్డాయా అని నేను అడగలేదు. పడినా, పడకపోయినా మరిది దానికొక కారణం చెబుతాడు. ఆమె చెకప్‌కి వచ్చినప్పుడు మాత్రం, మళ్ళీ ఎప్పుడైనా పడ్డావా అప్పా అని అడిగాను.

“నేదు,” అంది, గంప సర్దుకుంటూ. “పడీ తీరిక నేదు.”