వెడల్పు సీసాకు వత్తి

సోయా మైనానికి ఏ వత్తి సరిపోతుందో చెప్పాలంటే దాన్ని వెలిగించాలి. వెలిగించి పక్కన కూర్చోవాలి. వేరే దారి లేదు. ఆండర్సన్‌పేటలో మా మహిళా సంఘానికి సీసా కొవ్వొత్తులు నేర్పడానికి వచ్చినవాళ్ళు ఒక కాగితం ఇచ్చిపోయారు. సీసా ఇంత వెడల్పుంటే ఇన్నో నంబరు వత్తి అని అందులో వరసగా ఉందట. నాకు చదువు రాదు, సంతకం పెట్టడం వరకే. చదువొచ్చినవాళ్ళు ఆ కాగితం చూసి పోసిన కొవ్వొత్తులు సగం కాలి ఆరిపోయాయి. నేను చెప్తుంటే ఇదంతా నా కోడలు రాస్తోంది. మాటలు కాస్త మర్యాదగా మారుస్తానంది. వద్దన్నాను.

నా మొగుడు పోయిన మరుసటి ఏడు సంఘంలో చేరాను. మా ఊరి బంగారు గని మూసేదాకా ఆయన గనిలోనే చేశాడు. తర్వాత రోజూ మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోయి ఒక బిల్డింగుకు కాపలా ఉండేవాడు. ఆయన పోయాక ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. సంఘానికి పెద్ద ఒక రిటైరైన బడిపంతులమ్మ. అందరం టీచరమ్మ అంటాం. చెడ్డ మనిషి కాదు, నాకు జ్వరమొస్తే మూడు రోజులు గంజి పంపింది. కానీ చేరిన మొదటి రోజే నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు సీసాలు కడుగు, మైనం కరిగించు. ఎలిగించేది మాత్రం వొద్దమ్మా. ఇవి పెండ్లిండ్లకు, కొత్త ఇండ్లకు పోయేటివి."

"పోతే ఏమి?"

"నీకు తెలీనిదా. నా నోటితో చెప్పించద్దు."

తెలుసు. బొట్టు తుడిచిన చెయ్యి శుభకార్యంలో దీపం ముట్టకూడదు. నేను బొట్టు తుడవలేదు. ఇప్పటికీ పెట్టుకుంటాను. ఆ సంగతి ఆమెకు కనపడుతూనే ఉంది, అయినా చెప్పింది. నేను బోకులు తోమే బండ దగ్గరికి పోయి సీసాలు కడిగాను.

మొదట్లో అందరం ఒకే తప్పు చేశాం. ఇంట్లో దీపానికి చేసినట్టే దూది తీసుకుని తొడమీద వత్తులు పేనాం. ప్రమిదలో వత్తి నూనెలో పడుకుని తాగుతుంది. సీసాలో మైనం గట్టిది. మంటే దాన్ని కరిగించాలి, కరిగినదాన్ని వత్తి నిలబడి తాగాలి. మేం పేనిన వత్తులు మెత్తబడి వాలిపోయి, కరిగిన మైనంలోనే మునిగి చచ్చాయి. ఆ తర్వాత అడుగున చిన్న రేకు బిళ్ళ ఉండే అల్లిక వత్తులు తెప్పించారు. లావుది పెడితే మంచిదనుకుని అన్నిటికీ లావువే పెట్టారు. మంట జానెడు లేచి ఊగింది, సీసా మూతి నల్లబడింది, వత్తి తలమీద పుట్టగొడుగులాగా మసి కట్టింది. టీచరమ్మ ఒకటి వెలిగించి ఫోను మాట్లాడడానికి పోయింది. తిరిగొచ్చేసరికి సీసా నిలువునా చీలి మైనమంతా బల్లమీద పారింది.

అసలు చిక్కు వత్తిలో లేదు. మూడు నాలుగు గంటలు దాని ముందు కూర్చునే మనిషి లేదు. ఒకరికి పిల్లలు, ఒకరికి పొయ్యి, ఒకరికి బస్సు. తీరిక నాకే ఉంది, నాకే వెలిగించే హక్కు లేదు. ఒకరోజు సంఘం హాలు వెనక పెరట్లో కడిగిన సీసాల చాటున నేనే ఒకటి వెలిగించుకుని కూర్చున్నాను. మా పక్కింటామె కూడా సంఘంలోనే ఉంది, చర్చికి పోయే మనిషి. నీళ్ళకని వచ్చి చూసింది.

"ఏమక్కా, బీడీ తాగేదాని మాదిరి దాక్కోని కూచోనుండావు?"

"బీడీ అయితే దాక్కునే పనేముండాది? ఎవరూ అడగరు."

"మా చర్చిలో అయితే ఎవురు ఎలిగించినా కొవ్వొత్తి కొవ్వొత్తే."

"అయితే మీ దేవుణ్ణి మా టీచరమ్మతో మాట్లాడమను."

"ఆమెతోనా? ఆ దేవునికి కూడా బయమే" అని నవ్వి బిందె నింపుకుని పోయింది.

అట్లా కూర్చుని కూర్చుని నేర్చుకున్నాను. సన్న వత్తి అయితే నడిమధ్యలో బావి తవ్వుతూ దిగిపోతుంది, అంచున మైనం గోడలాగా మిగిలిపోతుంది. లావుది సీసాను పొయ్యి చేస్తుంది. సరైనదైతే మూడు గంటల్లో కరిగిన మైనం చుట్టూరా గాజును తాకుతుంది. లోతు చిటికెన వేలి గోరంత ఉంటుంది. పొగ ఉండదు. వెలిగించేముందు వత్తిని బియ్యపు గింజంత ఉంచి కత్తిరించాలి. వాసన నూనె ఎక్కువ పోస్తే అదే వత్తి మొరాయిస్తుంది, అప్పుడు ఒక మెట్టు లావుది కావాలి. నంబర్లు నాకు రావు కాబట్టి కట్టలకు దారాలు కట్టాను. సన్నవాటికి పచ్చ, నడిమివాటికి పసుపు, లావువాటికి ఎరుపు. టీచరమ్మ చూసింది. వద్దనలేదు. "వెనకాలే చేసుకో" అంది. రెండేళ్ళు సంఘం వత్తులన్నీ పెరట్లో నేనే ఎంచాను. ముందు హాల్లో ఫోటో తీసేటప్పుడు వేరేవాళ్ళు వెలిగించేవాళ్ళు. నేను ఊరుకున్నాను. అది నా తప్పు.

ఈ ఏడు ఒక పెద్ద బేరం వచ్చింది. కామసముద్రం వైపువాళ్ళు బెంగళూరులో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకు పంచడానికి అరవై సీసాలు కావాలన్నారు, సంపెంగ వాసనతో. సీసా కొత్త రకం. మేం వాడేది నా నాలుగు వేళ్ళ వెడల్పు, ఇది ఆరు వేళ్ళు. ఏ వత్తి పెట్టాలో ఎవరికీ తెలియదు. ఏడు రకాలుగా పోశాను, ఒక్కో రకం రెండేసి. సోయా మైనం పోసిన వారం దాకా వెలిగించకూడదు, ఆరాలి. వారం ఆగాం. అరవై పోశాక వాటికీ ఆరడానికి ఇంకో వారం కావాలి, గృహప్రవేశమేమో దగ్గరికొచ్చింది. అంటే వత్తి ఏదో రెండు రోజుల్లో తేలకపోతే బేరం పోయినట్టే.

వారం నిండిన పొద్దున టీచరమ్మ హాల్లో బల్లమీద ఏడూ పెట్టించింది.

"రేపు వాళ్ళు చూసేదానికి వస్తారు. ఇంగ వెనకాల వొద్దు, ఈడే చూడల్ల. నేను ఎలిగిస్తాను. నువ్వు ఆ వాకిలికాడ కూచోని ఏది బాగుండాదో చెప్పు. చేత్తో ముట్టద్దు."

"ఎలిగించకుండా నాకు తెలీదు."

"చూస్తే తెలీదా?"

"తెలీదు. అగ్గిపుల్ల నా చేతిలో ఉంటేనే తెలుస్తాది."

అబద్ధమే. ఎవరు వెలిగించినా మంట చూసి నేను చెప్పగలను. అయినా చెప్పలేదు. వాకిట్లో కూర్చుని అనపకాయల గింజలు వలుచుకున్నాను.

ఆమె ఏడూ వెలిగించింది. గంట దాకా అన్నీ ఒకలాగే ఉన్నాయి. తర్వాత ఒకటి మసి కక్కింది, ఒకదాని మంట ముడుచుకుంది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చూసింది, సీసా చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"ఇది చూడమ్మా, ఇది బాగుండాది కదా?"

"మీరే చెప్పండి. కాగితం ఉండాదే."

"ఎందుకమ్మా ఇంత మొండితనం? బేరం పోతే అందరికీ నష్టం."

"రెండేండ్లు పెరట్లో నేను ఎలిగించినవే కదా పెండ్లిండ్లకు పోయింది. ఎవరి కాపురం కూలిపోయింది? ఒక్కటి చెప్పండి, ఇంగ ఆ పక్కకే రాను."

ఆమె మంటలన్నీ ఆర్పేసింది. పక్కింటామె నా పక్కన కూర్చుని నాతోపాటు కాయలు వలిచింది.

మర్నాడు నేను పోయేసరికి బల్లమీద వెలిగించని రెండో విడత ఏడు సీసాలు, పక్కన అగ్గిపెట్టె ఉన్నాయి. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి ఏదో సర్దుతోంది. నేను వత్తులు కత్తిరించి, వీధి వాకిలి బార్లా తీసి, అందరి ముందూ వెలిగించాను. ఏడోది నేను ఎవరినీ అడగకుండా పోసింది. దాంట్లో పచ్చదారం వత్తులు రెండు, మూడు వేళ్ళ ఎడంగా పెట్టాను. అంత వెడల్పుకు ఒక్క లావు వత్తి కంటే రెండు సన్నవి మేలని నాకు అనుమానం.

మూడో గంటకు ఆ ఏడోదాంట్లోనే మైనం చుట్టూరా గాజును తాకింది. మసి లేదు. అప్పుడే బేరమిచ్చిన ఇంటావిడ, ఆమె అత్త కారు దిగారు. ఇంటావిడ వంగి చూసింది.

"ఇది భలే ఉందే. ఎవరు చేశారు?"

"మా సంఘంలో అందరూ కలిసి..." అని టీచరమ్మ మొదలుపెట్టింది.

"నేను" అన్నాను. "వత్తి ఎంచింది నేనే, ఎలిగించింది నేనే. ముండమోసినదాన్ని. ముందే చెప్తుండా, తర్వాత తెలిసి బేజారు పడొద్దండి."

అత్త పైట లాక్కుని ఒక అడుగు వెనక్కి వేసింది. టీచరమ్మ మొహం పాలిపోయింది. ఇంటావిడ మాత్రం నన్ను చూసి, మళ్ళీ సీసాను చూసింది.

"రెండు వత్తులెందుకు?"

చెప్పాను. సీసా పక్కన చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టింది, కాలలేదు. ఇంటికి పోయి ఫోను చేస్తామన్నారు.

సాయంత్రమే ఫోను వచ్చింది. టీచరమ్మ నవ్వుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"పోలేదమ్మా బేరం. అరవై చేయమన్నారు. పూజగదిలో పెట్టేది మాత్రం వేరేచోట తీసుకుంటారంట. ఆ ముసలామె పట్టు."

"పూజగదికి నేనే ఒకటి పంపుతా, ఊరికే."

"వొద్దమ్మా. అయిన పని చెడగొట్టద్దు."

"చెడితే చెడనీ."

పంపాను. అరవై ఒకటో సీసా. వారం ఆరనిచ్చి, హాల్లోనే వెలిగించి, మూడు గంటలు కాలాక ఆర్పాను. రెండు వత్తులూ బియ్యపు గింజంత కత్తిరించి విడిగా పెట్టెలో పెట్టాను. పెట్టెమీద కోడలి చేత రాయించాను, ఇది సంఘంలో నేను ఒకసారి వెలిగించిన సీసా అని. దాన్ని వాళ్ళు పూజగదిలో పెట్టుకున్నారో, గేటు బయట పారేశారో నాకు తెలియదు. అడగలేదు. దాంట్లో మైనం అంచుదాకా సమంగా కరిగి గట్టిపడి ఉంది. ఎవరు వెలిగించినా మళ్ళీ ఆ అంచుదాకానే కరుగుతుంది.