చిల్లి పెట్టిన పాలడబ్బా

ఈ ఉదయం మనవరాలు పాలడబ్బా తెరిస్తే, ఆ తీపివాసనకి సిగ్గుతో తలదించుకున్నాను.

అవి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకి దాచి పంపితే పాడైపోయేలా, కొట్టులోనే డబ్బాలకి చిల్లి పెట్టి అమ్మేవారు. మావాళ్లు సముద్రం దాటి కూలికొచ్చిన బాగన్ దాతుక్ ఎస్టేటులో మా పక్కింటి మరియమ్మత్త, పసిబిడ్డ కోసం వారానికొక్కటే దొరికే డబ్బా తెమ్మని నన్ను పంపింది. దారంతా ఆ చిల్లికి నోరు పెట్టి పీల్చాను.

"దార్లో కారిపోనాది అత్తా," అన్నాను.

అత్త డబ్బా ఊపి చూసింది. చెంచాడు పాలు వంచి నా నోటికందించింది.

"నాకెందుకత్తా?"

"పని సూసి ఇచ్చేది కూలి. దేవుడి కృప అలాగ్గాదు, ఊరికే ఇస్తాడని ఫాదర్ సెప్పినారు. తాగమ్మా."

నా అబద్ధం నమ్మిందని మురిసిపోయాను. ఇంటికెళ్లి అద్దంలో చూసుకుంటే, గడ్డం నిండా పాలు ఎండి తెల్లగా ఉన్నాయి.

దొంగతనంగా పీల్చిన పాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ చెంచాడే ఇంకా గొంతు దిగలేదు.