ఆఫీసర్ని చేసిన పెన్ను

ఆ ఏడాది గ్రూప్ టూ నాకు ఆఖరి అవకాశం. వయసు దాటిపోతోంది. అది తప్పితే ఇక ఏ నోటిఫికేషన్‌కూ నేను పనికిరాను. అశోక్‌నగర్ హాస్టల్లో మంచం, చిక్కడపల్లి స్టడీ హాల్లో కుర్చీ, మధ్యలో టీ బండి. ఆరేళ్లుగా నా లోకం అంతే.

పరీక్షకు పది రోజులుందనగా స్టడీ హాల్‌కి ఒక ఖరీదైన పెన్నుల కంపెనీ వాళ్లు ఊడిపడ్డారు. వాళ్ల పెన్ను ఒకటి అమ్ముడుపోతే, ఒక పేద అభ్యర్థికి ఇంకొకటి దానమట. ఫొటోలు తీయనిస్తే హాల్‌కి కొత్త పుస్తకాలు కూడా ఇస్తామన్నారు. మా పుస్తకాలకు అట్టలూడిపోయి చాలాకాలమైంది. ఆ ఆశతోనే, బుద్ధి గడ్డి తిని, ఫొటోకి ఒప్పుకున్నాను.

ఫొటో అన్నారు కదా అని పెళ్లిళ్లకు వేసుకునే పచ్చ చుడీదార్ వేసుకెళ్లాను. కంపెనీ మేడం నన్ను ఎగాదిగా చూసి మొహం చిట్లించింది.

"ఇంత మంచి డ్రెస్ వద్దమ్మా. రోజు వేసుకునేది లేదా? ఆ కమ్మలు గూడ తీసెయ్. జర కష్టపడ్తున్నట్టు కనిపించాలె."

కష్టపడుతూనే ఉన్నాను తల్లీ, నీ కెమెరాకి నచ్చేట్టు పడటం లేదంతే. హాస్టల్‌కి పోయి, మోచేతి దగ్గర చిరిగిన డ్రెస్ వేసుకొచ్చాను. చేతిలో పెన్ను పెట్టారు. బంగారు పాళీ నిగనిగలాడుతోంది. నాకు నవ్వాగలేదు.

"మేడం, మా పరీక్షల ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు నింపాలె. బాల్ పెన్నే వాడాలె. ఈ ఇంకు పెన్నుతోని నింపితే షీటు ఖరాబైతది."

"అది ఎవరు చూస్తరమ్మా? నువ్వు ఊకె పట్టుకో, చాలు."

అంత పెద్ద కంపెనీలో ఒక్కరికీ ఆ సంగతి కనుక్కోవాలని తోచలేదు. అడిగితే టీ బండి అన్న కూడా చెప్పేవాడు. మూడు గంటలు ఆ పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ సమయంలో పాలిటీ పుస్తకం సగం తిరగేసేదాన్ని. కిటికీలోంచి ఆశగా చూడమన్నారు. అవతల ఉన్నది పక్క బిల్డింగు బాత్రూం గోడ. దాన్నే ఆశగా చూశాను.

పుస్తకాలు రాలేదు. మఖ్మల్ డబ్బాల్లో పెన్నులు వచ్చాయి. పరీక్షకు అందరం ఎప్పటిలాగే బాల్ పెన్నులతో వెళ్లాం. నాకు ఉద్యోగం రాలేదు. ఆ పెన్ను వల్లే పోయిందని అబద్ధం చెప్పను. మార్కులు చాలలేదు. నెల రోజులు ఏడ్చాను.

ఇప్పుడు నారాయణగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. మొన్న హెడ్మాస్టర్ గారి రిటైర్మెంటుకి మంచి పెన్ను తెమ్మని నన్ను హిమాయత్‌నగర్ పంపారు. షాపులోకి అడుగుపెడితే గోడ నిండా నేనే. అదే చిరిగిన డ్రెస్, అదే ఆశ.

సేల్స్‌మన్ నన్ను గుర్తుపట్టలేదు. కమ్మలు పెట్టుకుని ఉన్నాను మరి.

"చాలా పేదమ్మాయి మేడం. మా పెన్నుతోనే పరీక్ష రాసి ఆఫీసర్ అయ్యింది. మీరు ఒకటి కొంటే ఇంకో అమ్మాయికి..."

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏ ఆఫీసుల చేస్తుందన్నా?"

"అది తెల్వదు మేడం. కావాలంటే అడిగి చెప్త."

"అడుగన్నా," అన్నాను. "ఏ ఆఫీసో చెప్తే రేపే పోయి జాయిన్ అయిత."