వీధి వైపు చెట్టు

బట్టల కొట్లో అందరూ ఆమెను అద్దాలక్క అంటారు. కొట్టు ముందున్న అద్దాల గదిలో బొమ్మలకు బట్టలు తొడగడం, క్రిస్మస్ వస్తే ప్లాస్టిక్ చెట్టును ముస్తాబు చేయడం ఆమె పని.

ఒకప్పుడు ఆ చెట్టు మీద దూది మంచు, కాగితపు నక్షత్రాలు, ఎర్ర బంతులు, ఏది దొరికితే అది. తరువాత అన్నీ బంగారు రంగే ఉండాలన్నారు. ఈ ఏడు యజమాని కోడలు తెల్ల చెట్టు, తెల్ల బంతులు తెప్పించింది. అద్దాలక్క కంటికది జ్వరపడి లేచిన మనిషిలా ఉంది. పాత పచ్చ చెట్టును, దాని ఎర్ర బంతులతో సహా పారేయబోతుంటే అడ్డుపడింది.

"మా తమ్ముడి పిల్లలు సంబరపడతారు. నాకివ్వండి."

ఆ పిల్లల్ని ఆమె ఏళ్ల క్రితమే మాటలతో పుట్టించేసింది. పండక్కి వాళ్ల గోల పడలేనని కొట్లో విసుక్కుంటుంది కూడా. అసలు తమ్ముడంటూ ఉంటే కదా!

ఆమె ఉండేది మేడ మీద ఒంటి గదిలో, వీధి వైపు ఒక్క కిటికీ. చెట్టు అక్కడ పెట్టింది. అద్దాల గదిలో చెట్టు వెనుక భాగం ఎవరికీ కనపడదు కాబట్టి దాన్నెవరూ అలంకరించరు. ఆమె చేతులకు తెలిసింది అదొక్కటే. కొమ్మలన్నీ వీధి వైపు వంచింది, బంతులన్నీ అటే కట్టింది. లోపలి వైపు ఇనుప కడ్డీ, తీగలు మిగిలాయి. రోజూ వాటికెదురుగా కూర్చునే భోంచేసేది.

ఓ సాయంత్రం కొట్లో క్యాషు చూసే అమ్మాయి చాక్లెట్ల డబ్బా పట్టుకుని ఊడిపడింది.

"పిల్లలేరక్కా?"

"ఇప్పుడే... అలా బయటికెళ్లారు."

ఆ అమ్మాయి ఒక్క కుర్చీని, ఆరబెట్టిన ఒక్క కంచాన్ని చూసింది. చెట్టును చూసి నవ్వింది.

"ఇదేంటక్కా! సోకంతా రోడ్డుకిచ్చేసి మీరు కడ్డీని చూస్తూ కూర్చుంటారా?"

"కొట్టు అలవాటు తల్లీ," అంది అద్దాలక్క, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"పిల్లలొచ్చాక ఇవ్వండి," అని డబ్బా పెట్టి వెళ్లిపోయిందా అమ్మాయి.

గది మళ్లీ ఎప్పటిలా అయిపోయింది. అద్దాలక్క చాలాసేపు కడ్డీని చూస్తూ కూర్చుంది. చివరికి లేచి, అన్నిటికన్నా పెద్ద ఎర్ర బంతిని విప్పి లోపలి వైపు కట్టుకుంది. రెండోది విప్పబోతే చెయ్యి రాలేదు. వీధి ఏమనుకుంటుందో!

మర్నాడు కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి అంది, "బస్సులోంచి చూశానక్కా, మీ చెట్టుకు నడిమధ్య బంతి లేదు. పిల్లలు పీకేశారా?"

అవునంటే సరిపోయేది. అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ తన కిటికీ వైపు తలెత్తి చూసిన మనిషితో అది చెప్పబుద్ధి కాలేదు.

"పిల్లలెవరూ లేరమ్మా. నేనే లోపలికి తెచ్చుకున్నా."

ఆ అమ్మాయి ఎదుటి మనిషికి చిల్లర ఇచ్చి పంపేసి, గొంతు తగ్గించింది.

"తెలుసులే అక్కా. చాక్లెట్లు బాగున్నాయా?"

అద్దాలక్క తెల్ల చెట్టు వైపు చూస్తూ గొణిగింది.

"అడుగున రెండే మిగిలాయి. సాయంత్రం వస్తే నీకొకటి."