రొట్టెలక్కకు నెల తప్పిన ఏడాది

ఆ రోజుల్లో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ వయసులో మనిషికి ఒక ధీమా ఉంటుంది. నెలనెలా జీతం, అద్దెకో రేకుల ఇల్లు, అందులో భార్యా బిడ్డా ఉంటే చాలు, బతుకును గోనెసంచిలో వేసి మూతి కట్టేశాం, ఇక ఎక్కడికీ పోదు అనుకుంటాం. అనంతపురం జిల్లా పడమటి వైపు, బెళుగుప్పకు ఆవల, ఒక చిన్న మండల కేంద్రంలో నేను గుమస్తాను. మా ఆవిడ అదే ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. ఊరందరికీ ఆమె నర్సమ్మ, నేను నర్సమ్మ మొగుణ్ణి. (నాకూ ఒక పేరుందని ఆ ఊళ్లో జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ తెలియదు.) వరుసగా మూడో ఏడాది వాన మొహం చాటేసింది. వేసిన శెనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. పశువులకు గడ్డి లేదు, మనుషులకు నీళ్లు లేవు. ఇన్ని లేనివాటి మధ్య కూడా నేను నిశ్చింతగా ఉండేవాణ్ణంటే దానికి ఒకటే కారణం, రొట్టెలక్క.

మా ఆఫీసు వెనక సందులో, మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేది ఆమె. జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. భర్త బోర్లు వేసే బండితో ఊళ్లు పట్టి తిరిగేవాడు. నెలకోసారి వచ్చి, మొహానికి పట్టిన రాతిదుమ్ము కడుక్కుని, రెండు రోజులు నిద్రపోయి మళ్లీ వెళ్లేవాడు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా పిల్లలు లేరు. మా ఆవిడ సెలవు అయిపోగానే, మా పాపను నాలుగో నెలలో తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టింది. అంతే, ఆ పిల్ల ఇక మాది కాకుండా పోయింది. రొట్టె తట్టే చప్పుడు వింటే తప్ప నిద్రపోయేది కాదు. ఆదివారాలు ఇంట్లో నేను పీట మీద తడిగుడ్డ పరిచి అరచేత్తో టపటపా కొడుతూ కూర్చునేవాణ్ణి. చూడవచ్చినవాళ్లు నాకు ఏదో అయిందనుకునేవారు.

పాపకు ఏడాది నిండిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం మా ఆవిడ మొహమంతా నవ్వుతో ఇంటికి వచ్చింది.

"రొట్టెలక్క కడుపుతో ఉండాది. ఐదో నెల! ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పకుండా దాచిపెట్టుకోనుండాది."

పద్నాలుగేళ్ల తర్వాత ఒక ఆడమనిషి కడుపు పండిందని వింటే ఏ మనిషైనా ఏమంటాడు? నేను "అయ్యో!" అన్నాను.

"అయ్యో ఏంది?"

"మరి మన పాపను ఎవరు చూసుకుంటారు?"

మా ఆవిడ చేతిసంచి కింద పెట్టి, "మీకు బుద్ధుండాదా?" అంది. (ఆమె నన్ను 'మీరు' అందంటే కోపం నడినెత్తికి ఎక్కిందని అర్థం. ప్రేమగా ఉన్నప్పుడు ఎప్పుడూ 'నువ్వే'.) ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిన షరతులన్నీ నాకు వినిపించింది. ముప్పై నాలుగేళ్లకు తొలిచూలు, రక్తపోటు ఉంది, ఏడో నెల నుంచి బరువులు ఎత్తకూడదు. బరువుల్లో మొదటి బరువు మా పాపే. అంటే నా చేతిలో ఉన్నది రెండు నెలలు.

మొదట మా అమ్మ గుర్తొచ్చింది. రాప్తాడు దగ్గర మా పల్లెకు బస్సెక్కి వెళ్లి, మంచంలో కూర్చుని, గొంతు వీలైనంత దీనంగా పెట్టి విషయం చెప్పాను. మా అమ్మ అంతా విని, "నాకేమప్పా, రమ్మంటే ఇప్పుడే వస్తా. ఈ మూడు ఎనుములను కూడా తోలుకోని వస్తా. మీ ఊర్లో తాపేదానికి నీళ్లుండాయా?" అంది. మా ఊళ్లో మనుషులకే మూడు రోజులకోసారి ట్యాంకరు. నాయన అరుగు మీద నుంచి, "దాన్ని తోలకపోతే నాకు సంగటి ఎవురు చేస్తారు? నన్ను గూడా తోలకపో" అన్నాడు. ఒక్క మనిషిని అడగబోయి మూడు గేదెలకు జవాబు చెప్పలేక, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను.

తర్వాత పక్క వీధిలో ఒక అవ్వ దొరికింది. "పదకొండు మందిని పెంచినా, ఈ ఒక్క గువ్వపిల్ల నాకొక లెక్కనా?" అంది. పరీక్షగా ఒకరోజు వదిలి ఆఫీసుకు వెళ్లాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే అవ్వ నట్టింట్లో పడుకుని గుర్రు పెడుతోంది. మా పాప ఆమె తల దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆమె చెవి పట్టుకుని, కదలకుండా కాపలా కాస్తోంది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టింది. ఎవరు ఎవరిని చూసుకోవడానికి వచ్చారో నాకు అర్థమైపోయింది. అవ్వను లేపి పంపించేస్తుంటే, "బిడ్డ చానా మంచిదప్పా, నన్ను ఒక్కసారి గూడా లేపల్యా" అని మెచ్చుకుని మరీ వెళ్లింది.

ఇక మిగిలింది నేనే. ఏడో నెల రాగానే పాపను చంకనేసుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజుల్లో మా ఆఫీసులో కరువు కింద గడ్డి కూపన్లు ఇచ్చేవాళ్లం. రైతులు వరండా దాటి వేపచెట్టు దాకా వరుసగా నిలబడేవారు. పాప ఆ వరుసలో ఒక చేతి నుంచి ఒక చేతికి హాయిగా ప్రయాణం చేస్తూ, ఒక తలపాగా లాగి, ఇంకొక మీసం పీకి, నా బల్ల దగ్గరికి తిరిగొచ్చేది. మొదటిరోజు బాగానే గడిచింది. రెండో రోజు నేను పేర్లు రాసుకుంటున్న కాసేపట్లో ముద్రలు వేసే సిరాపెట్టె తెరిచి, రెండు చేతులూ అందులో ముంచి, యాభై కూపన్ల కట్ట మీద తన సొంత ముద్రలు వేసింది. మొహం, గౌను, నా చొక్కా అంతా ఊదారంగు.

ముందున్న రైతు వంగి చూసి, "ఏముండాదన్నా, ఏదో ఒక ముద్ర పడింది కదా. నాకు పాప ఏసిందే ఇయ్యి, ఎనుములు చదివేదుండాదా?" అన్నాడు. వరుసంతా గొల్లుమంది. సరిగ్గా ఆ నవ్వుల మధ్యే మా ఆఫీసరు లోపలికి వచ్చాడు. కూపన్లు చూశాడు, పాపను చూశాడు, నన్ను చూశాడు. "రేపటి నుంచి ఇద్దర్లో ఒక్కరే రండి. ఎవరొచ్చినా నాకు అభ్యంతరం లేదు. పనిలో తేడా కూడా ఏమీ కనపడటంలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం పాప చేతుల రంగు పోగొట్టడానికి ట్యాంకరు నీళ్లు సగం బిందె ఖర్చుపెట్టి, అయినా పోక, ఆ రంగు నా చేతులకూ అంటితే, స్నానాలగదిలో కూలబడ్డాను. నిజం చెప్పొద్దూ, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం మానేయాలా? మానేస్తే తినేదేమిటి? మా ఆవిడను మానేయమనే ధైర్యం నాకు లేదు. మర్నాడు చివరికి సిగ్గు విడిచి, మా ఆవిడ వద్దని ఒట్టు పెట్టించుకున్న పని చేశాను. ఆమెకు తెలియకుండా రొట్టెలక్క ఇంటికి వెళ్లాను.

"అక్కా, నర్సమ్మకు చెప్పొద్దు. ఎట్లాగో ఇంకొక నెల… పాపను నువ్వే చూసుకోలేవా?"

రొట్టెలక్క చేతుల పిండి దులుపుకుంది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె కళ్లొత్తుకుంది.

"నువ్వొచ్చి అడగతావేమోనని దినామూ వాకిలి చూస్తాండానప్పా. ఐదో నెల దాకా ఏంటికి చెప్పలేదనుకుంటివి? దిష్టి తగల్తాదని కాదు. చెప్తే తెల్లారేసరికి పాపను ఇంకొకరికి ఇచ్చేస్తారని. పద్నాలుగేండ్లు ఈ వీధిలో ఒక్కరంటే ఒక్కరు పసిబిడ్డను నా చేతికియ్యల్యా. పేరు పెట్టే దినం పిలుస్తారు, తొట్టి దగ్గరికి మాత్రం పోనియ్యరు. నర్సమ్మ అడక్కుండానే తెచ్చి ఒళ్లో పెట్టె. నాకు బిడ్డ పుడ్తే నా పాప పోతాదని కూర్చోని ఏడ్సినా నేను. కడుపు పండి ఇట్లా ఏడ్సేదాన్ని యాడన్నా చూసినావా?"

నేను తల వంచుకున్నాను. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో ఏడవడానికి కారణమున్నది నా ఒక్కడికేనని అనుకుంటున్నాను మరి.

ఉపాయం కూడా ఆమే చెప్పింది. "డాక్టరమ్మ ఎత్తొద్దనింది గానీ చూడొద్దనల్యా కదా. నేను కూర్చోని చూస్తా. ఎత్తేదానికి నువ్వు రా." ఆ సాయంత్రం ఒట్టు తప్పానని ఒప్పుకుని ఇది చెబితే, మా ఆవిడ కూడా నవ్వేసి సరేనంది. ఆ రోజు నుంచి పాపను ఎత్తాల్సిన అవసరం వచ్చినప్పుడల్లా రొట్టెలక్క ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టేది. ఆ చప్పుడు గోడ దాటి ఆఫీసులోకి వినిపించేది. నేను కలం పడేసి సందులోకి పరుగు. పాపను దొడ్లోకి ఎత్తుకెళ్లి, కడిగి, తొట్టి ఉయ్యాలలో వేసి, మళ్లీ పరుగు. రోజుకు పది పన్నెండుసార్లు. కొన్నాళ్లకు గడ్డి కోసం వచ్చిన రైతులే, "అన్నా, పళ్లెం మోగింది, పోయిరా. మేమీడే ఉంటాము" అనడం మొదలుపెట్టారు. ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఏమీ విననట్టు నటించేవాడు.

డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒకరోజు పదకొండు గంటలకు పళ్లెం ఆగకుండా మోగింది. వెళితే రొట్టెలక్క స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. నొప్పులు. మా ఆవిడ టీకాలకని కొండ అవతలి తండాకు వెళ్లింది. పదింటి బస్సు పోయింది. ఆఫీసు జీపు ఆఫీసరుతో పాటు అనంతపురం వెళ్లింది. ఊళ్లో కదిలే బండి ఒక్కటే, అప్పుడే గడ్డి దించిన లారీ. నేను పాపను చంకలో వేసుకుని లారీకి అడ్డం నిలబడ్డాను. డ్రైవరు రొట్టెలక్కను చూసి చేతులు జోడించాడు. "సామీ, పదిహేనేండ్ల నుంచి బండి తోల్తాండా. నా బండిలో గొర్రె గూడా ఈనల్యా. వద్దు సామీ."

"నువ్వు తోలు, నేను ఆపుకుంటా!" అని రొట్టెలక్క గద్దించింది. అతను తోలాడు.

ఆసుపత్రి ఉన్న ఊరు పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు ఉండేది. ప్రతి గుంతకూ రొట్టెలక్క నా భుజం పిసికేది, నేను అరిచేవాణ్ణి, నన్ను చూసి పాప ఏడ్చేది, మా ముగ్గురినీ చూసి డ్రైవరు తనకు తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచేవాడు. ఒక నొప్పికీ ఇంకొక నొప్పికీ మధ్య ఆమె నా వైపు తిరిగి, "పాపకు పాలు పట్టినావా లేదా?" అంది. పట్టలేదని చెబితే, తర్వాతి నొప్పి వచ్చేదాకా నన్ను తిట్టింది.

ఆసుపత్రిలో దింపిన గంటన్నరకు ఆడపిల్ల పుట్టింది. కబురు అందుకుని మా ఆవిడ ఎవరిదో సైకిలు మోటారు వెనక కూర్చుని వచ్చేసరికి, నేను వరండాలో పాపతో పాటు నేల మీద కూర్చుని ఉన్నాను. ఆసుపత్రి నర్సు ఆ ఎర్రటి ముద్దను తెచ్చి మాకు చూపించబోయింది. రొట్టెలక్క లోపల మంచం మీద నుంచి, "మొదట మన పాపకు చూపించండి" అంది.

ఆమెకు తల్లి లేదు. కానుపు కోసం వచ్చిన అత్తకు చూపు సరిగా ఆనదు. ఆ పెద్దామె వంట చేయగలదు కానీ పిల్లలను చూసుకోలేదు. భర్త వారం ఉండి మళ్లీ బండితో వెళ్లక తప్పలేదు. కాబట్టి నేను నలభై రోజుల సెలవుకు అర్జీ పెట్టాను. ఆఫీసరు చదివి, "ఎవరి కానుపయ్యా?" అన్నాడు.

"మా పాపను చూసుకునే ఆమె కానుపు సార్."

"ఆమెకు కానుపైతే సెలవు నీకెందుకు?" అంటూనే సంతకం చేశాడు.

ఆ నలభై రోజులూ రొట్టెలక్క వాకిట్లో ఒక చేత్తో తొట్టి ఊపుతూ, ఇంకో చేత్తో మా పాపకు సంగటి తినిపిస్తూ కూర్చున్నాను. వీధిలో పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు. "ఏమప్పా నర్సమ్మ మొగుడూ, ఆయా పనిలో చేరితివా?" లోపలి గది నుంచి రొట్టెలక్క నా తరఫున జవాబులు చెప్పేది. ఆమె వ్యాపారం పోకూడదని ఒకరోజు రొట్టెలు కూడా మొదలుపెట్టాను. నా మొదటి రొట్టె పెనం చేరేలోపల మూడు ముక్కలైంది. కొనడానికి వచ్చినవాడు దాన్ని చాలాసేపు చూసి, "ఇది రొట్టెనా అన్నా, రొట్టె పొడినా?" అని అడిగి, జాలిపడి తీసుకెళ్లాడు. పసిబిడ్డ మెడ ఎలా పట్టుకోవాలో, ఏ ఏడుపు ఆకలిదో, ఏది కడుపునొప్పిదో అప్పుడే నేర్చుకున్నాను. తిరిగి ఆఫీసుకు వెళ్లిన మొదటిరోజు నాకు తెలియకుండానే మోకాలి మీద ఒక ఫైలు పెట్టుకుని ఊపుతున్నానట. పక్కబల్ల మిత్రుడు, "నిద్రపోయిందా?" అని గుసగుసగా అడిగాడు.

రెండేళ్లకు నాకు వజ్రకరూరు వైపు బదిలీ అయింది. అప్పటిదాకా ఇద్దరు పిల్లలూ రొట్టెలక్క దగ్గరే పెరిగారు, నువ్వెవరి బిడ్డవని అడిగితే ఇద్దరూ ఆమెనే చూపించేవారు. మొన్నామధ్య ఏదో పదోన్నతి కోసం కొత్తగా చేరిన అమ్మాయి నా సర్వీసు పుస్తకం తిరగేస్తూ, "సార్, ఈ నలభై రోజుల సెలవు దేనికి? కారణం దగ్గర 'కానుపు' అని ఉందేంటి?" అని అడిగింది. సరిగానే ఉందమ్మా, అన్నాను. ఆమె నా వైపు, నా తెల్లజుట్టు వైపు అనుమానంగా చూసి పేజీ తిప్పేసింది. స్నానాలగదిలో కూలబడి, ఊదారంగు చేతులతో కళ్లు తుడుచుకున్న ఆ ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాణ్ణి పిలిచి, లేవప్పా, ముందు బిడ్డకు పాలు పట్టు అని చెప్పాలనిపించింది. చెప్పినా వాడు వినేవాడు కాదు లెండి.